పేట్ బషీరాబాద్ ప్రాంతంలో ప్రాథమిక వైద్యం

పేట్ బషీరాబాద్ మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా కుత్బుల్లాపూర్ మండలంలోని ఊరు. సుచిత్ర కూడలి దాటాక కొంపల్లి వైపు సాగే 44వ నంబరు జాతీయ రహదారిని ఆనుకొని ఉంటుంది. ఒక పక్క జీడిమెట్ల పారిశ్రామికవాడ, ఇంకో పక్క అల్వాల్, బొల్లారం. పైకి పోతే మేడ్చల్, శామీర్‌పేట. కుత్బుల్లాపూర్ పురపాలక సంఘం 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. 2016 అక్టోబరు 11న రంగారెడ్డి జిల్లా నుంచి విడివడి ఈ ప్రాంతం కొత్త జిల్లాలోకి వచ్చింది. ఫ్యాక్టరీ షిఫ్టులకు పోయేవాళ్లు, అపార్ట్‌మెంట్లలో ఉండే ఉద్యోగులు, పాత ఊరి రైతు కుటుంబాలు, ఇతర రాష్ట్రాల వలస కూలీలు అంతా ఒకే రోడ్డు మీది క్లినిక్కులకు వెళ్తారు.

ఇక్కడ ఆసుపత్రులకు కొరత లేదు. రోగి ఇంటి సంగతి, ఒంటి సంగతి, వెనకటి జబ్బుల సంగతి తెలిసిన డాక్టరుకే కొరత. జ్వరం వస్తే ఒకచోట, కీళ్ల నొప్పికి మరోచోట, షుగర్‌కు స్నేహితుడు చెప్పిన స్పెషలిస్టు దగ్గర చూపించుకొని, ఎక్కడ ఏ మందు రాశారో ఎవరికీ తెలియకుండా తిరిగే రోగి ఈ రోడ్డు మీద మామూలు దృశ్యం. ఈ వ్యాసం ప్రధానంగా మొదటి మెట్టు వైద్యం గురించి. పెద్దాసుపత్రుల సంగతి అవసరమైన మేరకే.

సర్కారు దవాఖానల మెట్లు

1946లో భోర్ కమిటీ ఇచ్చిన నివేదిక వెంట 1952 నుంచి దేశంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు మొదలయ్యాయి. మైదాన ప్రాంతంలో 5,000 జనాభాకు ఒక ఉపకేంద్రం, 30,000కు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది లెక్క. పల్లెలు కాలనీలైన చోట ఈ లెక్క తప్పింది. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయిగానీ దవాఖాన గదులు పెరగలేదు. 2013లో వచ్చిన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ 50,000 మందికి ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అన్న కొలమానం పెట్టింది.

ఆ కేంద్రాలకూ బస్తీకీ మధ్య ఉన్న దూరాన్ని తగ్గించడానికి 2018 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో బస్తీ దవాఖానలు తెరిచారు. ఢిల్లీ మొహల్లా క్లినిక్కులు వీటికి నమూనా. ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక సహాయకుడు. 5,000 నుంచి 10,000 మందికి ఒకటి చొప్పున అన్నది ఉద్దేశం. పరీక్ష ఉచితం, మందులు ఉచితం. రక్తం, మూత్రం నమూనాలు అక్కడే తీసుకొని తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రానికి పంపుతారు, ఫలితం ఫోన్‌కు వస్తుంది. 57 రకాలుగా ఉన్న ఈ ఉచిత పరీక్షలను 2023లో 134కు పెంచారు. థైరాయిడ్, మూడు నెలల షుగర్ సగటు, కొలెస్ట్రాల్, కాలేయం, కిడ్నీ పరీక్షలన్నీ బయటి ల్యాబులో ఒక్కసారిగా చేయిస్తే ఎంత బిల్లవుతుందో తెలిసినవాళ్లకు దీని విలువ విడిగా చెప్పక్కర్లేదు. అయినా కాస్త జీతం ఉన్న కుటుంబాలు బస్తీ దవాఖాన గడప తొక్కవు. బీదవాళ్లదనే చిన్నచూపు ఒక కారణం. రెండో కారణం న్యాయమైనదే: ఇవి పగటి వేళకే పరిమితం, జీడిమెట్లలో పగలు షిఫ్టు చేసేవాడు ఇంటికి చేరేసరికి తలుపులు మూసి ఉంటాయి.

నగరం దాటి మేడ్చల్, శామీర్‌పేట పల్లెల వైపు పోతే ఇదే పని పల్లె దవాఖానలు చేస్తాయి. వీటన్నిటికీ కింద, ఇంటి గుమ్మం దాకా వచ్చే మనుషులు ఆశా, ఏఎన్‌ఎం. ముప్పై ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగర్ చూడటం, గర్భిణుల పేర్లు రాసుకోవడం, పిల్లల టీకాలు గుర్తుచేయడం వాళ్ల పని. గేటెడ్ కాలనీల్లో వాచ్‌మన్ వాళ్లను లోపలికి రానివ్వడని ఆశా కార్యకర్తలు చెప్పుకునే మాట. గేటు లోపల ఉన్నవాళ్లకూ బీపీ ఉంటుంది.

మేడ్చల్‌లో ఒక ప్రయోగం

బ్రిటన్‌లో 1948లో జాతీయ ఆరోగ్య సేవ మొదలైనప్పటి నుంచి ప్రతి కుటుంబం దగ్గరలోని ఒక డాక్టరు వద్ద పేరు నమోదు చేసుకుంటుంది. జ్వరమైనా, గుండెదడైనా ముందు అక్కడికే వెళ్లాలి. ఆ డాక్టరు పంపితేనే స్పెషలిస్టు. రోగి చరిత్రంతా ఒకచోట ఉంటుంది. మన దగ్గర అలాంటి కట్టుబాటు లేదు. చేతిలో డబ్బుంటే ఎవరైనా నేరుగా న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లవచ్చు. ఇది స్వేచ్ఛే, కానీ తలనొప్పికి స్కానింగుతో మొదలుపెట్టే స్వేచ్ఛ.

పేట్ బషీరాబాద్ నుంచి అదే రోడ్డు మీద ఉత్తరానికి పోతే మేడ్చల్ మండలంలో దీనికి భిన్నమైన ప్రయత్నం ఒకటి జరిగింది. అమెరికాలో స్థిరపడిన తెలుగు డాక్టర్లు, పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ హృద్రోగ నిపుణుడు డాక్టర్ పి.ఎస్. రెడ్డి నాయకత్వంలో, షేర్ ఇండియా అనే సంస్థను పెట్టారు. ఘన్‌పూర్‌లో మెడిసిటీ ఆసుపత్రి, 2002లో వైద్య కళాశాల వచ్చాయి. ఆసుపత్రి కట్టడం విశేషమేమీ కాదు, ఎన్నారైలు చాలాచోట్ల కట్టారు. ఆసుపత్రి చుట్టూ ఉన్న దాదాపు 40 గ్రామాల్లో, సుమారు 45,000 మంది జనాభాలో, ఇల్లిల్లూ తిరిగి కుటుంబాల ఆరోగ్య వివరాలు రాసిపెట్టిన రీచ్ పథకమే విశేషం. ఏ ఇంట్లో గర్భిణి ఉంది, ఏ బిడ్డకు ఏ టీకా బాకీ ఉంది అన్నది ఊరి ఆరోగ్య కార్యకర్తకు తెలిసేది. ఇళ్లను ఉపగ్రహ సంకేతాలతో పటం మీద గుర్తించారు కూడా. జబ్బు పడి ఆసుపత్రికి వచ్చేదాకా ఆగకుండా ఆసుపత్రే ఇంటి లెక్క తెలుసుకోవడం దీని సారం.

ఆ లెక్కల పునాది మీదే లైఫ్ అనే దీర్ఘకాల అధ్యయనం మొదలైంది. 2009-2011 మధ్య మేడ్చల్ మండలంలో 15 నుంచి 35 ఏళ్ల మధ్య వయసున్న 1,227 మంది స్త్రీలను, గర్భం రాకముందో తొలి నెలల్లోనో చేర్చుకొని, తల్లి ఆరోగ్యానికీ పుట్టే బిడ్డ ఎదుగుదలకూ ఉన్న సంబంధాన్ని గమనించారు. పల్లెల్లో అలాంటి అధ్యయనం నడవాలంటే ముందు ప్రతి ఇంటి పేరూ రాసి ఉండాలి. పట్నంలో కలిసిపోయిన కాలనీల్లో అలా రాసిపెట్టినవాళ్లు లేరు. కాబట్టి అక్కడ రోగే తన లెక్క తాను రాసుకోవాలి.

వీధి క్లినిక్కు

సాయంత్రం ఆరు దాటాక తెరిచే చిన్న క్లినిక్కే ఈ ప్రాంతపు అసలు ప్రాథమిక వైద్యం. ఎంబీబీఎస్ చదివిన డాక్టరు, ముందు గదిలో టోకెన్లు రాసే కుర్రాడు, పక్కనే మందుల షాపు. ఒకసారి ఫీజు కడితే వారం లోపు రివ్యూకు మళ్లీ తీసుకోకపోవడం చాలాచోట్ల మర్యాద. ఇలాంటి ఒక డాక్టరును ఎంచుకొని ఇంటిల్లిపాదీ ఆయన్నో, ఆమెనో పట్టుకొని ఉండటం మంచి పని. ఖర్చు తగ్గుతుంది, అనవసరమైన పరీక్షలూ తగ్గుతాయి.

క్లినిక్కు బోర్డు మీద, చీటీ మీద మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అది లేకపోతే అక్కడ కూర్చున్నది డాక్టరు కాకపోవచ్చు, వైద్య డిగ్రీ లేని ఆర్‌ఎంపీ కావచ్చు. ఆర్‌ఎంపీలు అర్ధరాత్రి పిలిచినా వస్తారు, అప్పు పెడతారు, పేరు పెట్టి పలకరిస్తారు. జనం వాళ్ల దగ్గరికి ఊరికే పోరు. కానీ ప్రతి జ్వరానికీ ఒక సూది, ఒక గ్లూకోజ్ బాటిల్, మూడు రోజుల యాంటీబయాటిక్, లోపలెక్కడో ఒక స్టెరాయిడ్ అన్న పద్ధతి ప్రాణం మీదికి తెస్తుంది. స్టెరాయిడ్ పడితే జ్వరం, నొప్పి సాయంత్రానికే తగ్గినట్టుంటుంది. అడుగున జబ్బు ముదురుతుంది, షుగర్ ఎగబాకుతుంది. రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే 2019 నాటి జాతీయ మెడికల్ కమిషన్ చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఏడాది వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. నీరసానికి గ్లూకోజ్ ఎక్కించమని మనమే అడగడం మానితే ఈ వ్యాపారం సగం పడిపోతుంది. నోటితో తాగగలిగిన మనిషికి బాటిల్‌లోని గ్లూకోజ్ ఇచ్చే బలం ఒక గ్లాసు పళ్లరసం కన్నా ఎక్కువేం కాదు.

డాక్టరు గదిలో రోగికి దొరికేవి కొద్ది నిమిషాలే. పాత చీటీలు, ల్యాబు రిపోర్టులు తారీఖు వరుసలో ఒక ఫైలులో పెట్టుకొని, వాడుతున్న మందుల స్ట్రిప్పులు చేతిలో పట్టుకొని వెళ్తే ఆ నిమిషాలు పనికొస్తాయి. ‘తెల్లగోళి, గులాబీగోళి’ అని చెబితే ఏ డాక్టరూ పోల్చుకోలేడు. ఆయుర్వేదం, హోమియో మందులు వాడుతుంటే దాచకూడదు. గతంలో ఏ మందు పడలేదో, గర్భం ఉందేమో, చేసే పని ఏమిటో డాక్టరు అడగకపోయినా చెప్పాలి. లేచే ముందు మూడు సంగతులు అడిగి తెలుసుకోవాలి: ఈ మందు ఎన్ని రోజులు, మళ్లీ ఎప్పుడు రావాలి, ఏం కనిపిస్తే ఆగకుండా రావాలి. మూడోది అడిగేవాళ్లు అరుదు; ప్రాణం నిలబెట్టేది మాత్రం అదే. కాగితాలు పోతాయనుకుంటే 14 అంకెల ఆభా నంబరు తీసుకొని ఫోనులోనూ రిపోర్టులు దాచుకోవచ్చు.

మందుల పట్టీ వెనక ఎర్రగీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా కొనకూడనిది. డాక్టరు రాసిన మందే జనరిక్ పేరుతో జన ఔషధి దుకాణాల్లో చాలా తక్కువ ధరకు దొరుకుతుంది. బీపీ, షుగర్ లాంటి జీవితాంతం వాడే మందులకు ఈ తేడా ఏడాదికి వేలల్లో తేలుతుంది.

వానాకాలం జబ్బులు

2020 అక్టోబరులో ఫాక్స్ సాగర్ చెరువు నిండి పొర్లినప్పుడు ఉమామహేశ్వర కాలనీ నీళ్లలో మునిగి రోజుల తరబడి అలాగే ఉండిపోయింది. చెరువుల కింద లేచిన కాలనీలకు వానాకాలమంటే విరేచనాలు, టైఫాయిడ్, డెంగీ. మురుగు కలిసిన నీళ్లలో పుండున్న కాళ్లతో నడిచినవాళ్లకు తర్వాత జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడటం ఉంటే వరదలో నడిచిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. ఎలుకల మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరా జ్వరం అలాగే మొదలవుతుంది.

డెంగీ విషయంలో జనానికి ప్లేట్‌లెట్ల భయం ఎక్కువ, అసలు భయపడాల్సిన దాని మీద తక్కువ. మొదటి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్1 పరీక్ష, ఆ తర్వాత ఐజీఎం పరీక్ష జబ్బును పట్టిస్తాయి. జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే వాడాలి; ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు రక్తస్రావం పెంచుతాయి. జ్వరం దిగిన రోజున ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది. అసలు గండం సాధారణంగా ఆ ఒకటి రెండు రోజుల్లోనే, రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారి, వస్తుంది. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో ముక్కులో రక్తం, కాళ్లూ చేతులూ చల్లబడటం, మూత్రం తగ్గటం, మగత: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అదే గంటలో ఆసుపత్రికి పోవాలి. రక్తస్రావం లేనివాళ్లకు ప్లేట్‌లెట్లు 10,000 లోపుకు పడితే తప్ప ఎక్కించనక్కర్లేదన్నది జాతీయ మార్గదర్శకం. 60,000 చూసి రక్తదాతల కోసం వాట్సాప్‌లో వెతకడం అనవసరపు హడావిడి. బొప్పాయి ఆకు రసం తాగినంత మాత్రాన పై లక్షణాలను పట్టించుకోకపోవడం ఇంకా ప్రమాదం. డెంగీ దోమ పగలు కుడుతుంది, శుభ్రమైన నీళ్లలో పెరుగుతుంది. కూలర్, పూలకుండీ పళ్లెం, డాబా మీది పాత టైరు, మూత లేని డ్రమ్ము వారానికోసారి ఖాళీ చేసి ఆరబెట్టాలి. ఆరోగ్యశాఖ శుక్రవారం డ్రైడే అంటున్నది ఇందుకే.

విరేచనాలకు మందు ఓఆర్‌ఎస్. పెద్ద ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒకేసారి కలపాలి. చెంచాడు చొప్పున కలిపితే ఉప్పు, చక్కెర పాళ్లు తప్పుతాయి. పిల్లలకు దీంతోపాటు 14 రోజులు జింక్ ఇవ్వాలి. ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకొని మందుల షాపుల్లో అమ్మే తీపి పానీయాల మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. కొనేముందు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదని ప్యాకెట్టు మీద ఉందో లేదో చూడాలి.

కుక్క కరిస్తే ముందు పదిహేను నిమిషాలు పంపు కింద సబ్బుతో గాయం కడగాలి. కారం, సున్నం, పసుపు పెట్టకూడదు. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్ల భయం ఇంకా ఉందిగానీ ఆ టీకా మన దేశంలో 2004 చివరలోనే ఆగిపోయింది. ఇప్పుడు సర్కారు దవాఖానల్లో చర్మంలోకి ఇచ్చే టీకా మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో ఉచితం. రక్తం వచ్చేలా కరిస్తే గాయం చుట్టూ ఇమ్యూనోగ్లోబులిన్ కూడా పడాలి. నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ (ఐపీఎం) దీనికి తరతరాలుగా తెలిసిన చిరునామా.

బీపీ, షుగర్, ఊపిరి

బీపీ రెండు మూడుసార్లు వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 దాటితే మందు గురించి ఆలోచించాలి. మాత్ర వేసుకున్నాక బీపీ మామూలైందని మాత్ర మానేయడం ఈ ప్రాంతపు క్లినిక్కుల్లో రోజూ కనిపించే తప్పు. మాత్ర ఉంది కాబట్టే మామూలైంది. రోజుకు ఉప్పు ఒక చెంచా, అంటే ఐదు గ్రాములు దాటకూడదు. ఆవకాయ, అప్పడం, మజ్జిగ మిరపకాయ కలిపి ఒక్క పూటలోనే ఆ లెక్క దాటించగలవు. షుగర్ ఉన్నవాళ్లు ఏడాదికోసారి కంటి వెనక పొర, మూత్రంలో ప్రొటీన్, పాదాల స్పర్శ చూపించుకోవాలి.

జీడిమెట్లలో రసాయనాలు, మందులు, పోతపోసే కర్మాగారాలు పక్కపక్కనే ఉన్నాయి. దగ్గు, ఆయాసం ఉన్న కార్మికుడు ఏ విభాగంలో, ఏ పొడి, ఏ ఆవిరి మధ్య పనిచేస్తాడో చెబితేనే డాక్టరు సరైన దారిలో వెతుకుతాడు. దగ్గు రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష చేయించాలి. క్షయకు పరీక్ష, మందులు ప్రభుత్వంలో ఉచితం. 2024 నవంబరు నుంచి మందులు వాడినన్నాళ్లూ పోషకాహారానికి నెలకు రూ.1,000 ఖాతాలో పడుతుంది.

ఈఎస్‌ఐ కార్డును ఈ కార్మికుల్లో చాలామంది వాడుకోరు. నెల జీతం రూ.21,000 లోపు ఉన్నవాళ్ల జీతంలో 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం ప్రతి నెలా దానికి పోతూనే ఉంటుంది. కేటాయించిన డిస్పెన్సరీలో పేరు నమోదైతే కుటుంబం మొత్తానికి వైద్యం, అవసరమైతే సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రి. జబ్బుపడి పనికి పోలేకపోతే ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. కాంట్రాక్టరు తన పేరు మీద చందా కడుతున్నాడో లేదో కార్మికుడు ఫోనులోనే చూసుకోవచ్చు.

తల్లులు, పిల్లలు

శామీర్‌పేట వైపు తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ ఉంది. పసిపిల్లల విరేచనాలను ఆపే రోటావాక్ 2015లో విడుదలై, కోవిడ్‌కు కోవాక్సిన్ 2021 జనవరి 3న అనుమతి పొంది ఇక్కడి నుంచే బయటికొచ్చాయి. ప్రపంచానికి టీకాలు పంపే చోటికి కొద్ది దూరంలోనే వలస కూలీల గుడిసెల్లో టీకా కార్డు లేని పిల్లలు ఉండటం సిగ్గుపడాల్సిన విషయం. బుధ, శనివారాల్లో ప్రభుత్వ కేంద్రాల్లో టీకాలు వేస్తారు. పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి. 6, 10, 14 వారాల్లో పెంటావాలెంట్, దాంతోపాటు మిగతావి. 9 నెలలు నిండాక తట్టు, రుబెల్లా. ఊరు మారినా, రాష్ట్రం మారినా కార్డు చూపితే మిగిలినవి ఎక్కడైనా వేస్తారు. ఆధార్ లేదని ఏ కేంద్రమూ బిడ్డను తిప్పి పంపకూడదు.

ప్రతి నెల 9వ తేదీన గర్భిణులకు ప్రభుత్వ దవాఖానల్లో డాక్టరు పరీక్ష ఉచితం. కాన్పు గురించి ఒక అంకె చెప్పుకోవాలి: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, దేశంలో అది 21.5 శాతం. ప్రైవేటులో ఇక్కడ ఐదింట నాలుగు ఆపరేషన్లే. ఇందులో ముహూర్తం చూసుకొని కోయించుకునేవాళ్ల వాటా కూడా ఉంది, నేరమంతా డాక్టర్లదే అనలేం. ఆపరేషన్ ఎందుకో అడిగి కాగితం మీద రాయించుకునే హక్కు మాత్రం ఆ తల్లిది.

అత్యవసరమైతే

దేశమంతా తెలిసిన 108 అంబులెన్సు సేవ ఈ ఇరుగుపొరుగు నుంచే పుట్టింది. దాన్ని నడిపే, 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఈఎంఆర్‌ఐ కేంద్ర కార్యాలయం మేడ్చల్ రోడ్డు మీద దేవరయాంజాల్‌లో ఉంది. దీన్ని స్థాపించిన సత్యం కంపెనీ యజమానుల కుంభకోణం తర్వాత 2009లో జీవీకే సంస్థ చేతికి వెళ్లినా సేవ ఆగలేదు. ఫోన్ చేసినప్పుడు అరవకుండా చోటు, దగ్గరలోని గుర్తు, రోగి స్పృహలో ఉన్నాడా లేదా చెప్పి, వాళ్లు పెట్టమనేదాకా ఫోన్ పెట్టకూడదు.

ఛాతీ మధ్య బరువు, చెమటలు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి ఉంటే గ్యాస్ అనుకొని సోడా తాగి పడుకోవద్దు. షుగర్ ఉన్నవాళ్లకు నొప్పి లేకుండా ఆయాసంగానే రావచ్చు. పది నిమిషాల్లో తీసే ఈసీజీ సంగతి తేలుస్తుంది. మూతి వంకరపోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడటం పక్షవాతం గుర్తులు. రక్తపు గడ్డ కరిగించే మందుకు నాలుగున్నర గంటలే గడువు, కాబట్టి ఎప్పుడు మొదలైందో టైము గుర్తుంచుకోవాలి.

జాతీయ రహదారి మీద ప్రమాదం చూసి ఆగితే పోలీసు కేసులో ఇరుక్కుంటామన్న భయం అక్కర్లేదు. సాయం చేసినవాళ్లకు 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. పోలీసు లాంఛనాల కోసం ఆగకుండా ముందు ప్రాణం కాపాడాలని సుప్రీంకోర్టు 1989లోనే పర్మానంద్ కటారా కేసులో తీర్పిచ్చింది. 2025 మే నుంచి ప్రమాద బాధితుడికి మొదటి ఏడు రోజుల్లో లక్షన్నర వరకు నగదు లేని వైద్యం కూడా ఉంది.

మనసు కుదుట లేనప్పుడు, చనిపోవాలనిపించినప్పుడు ప్రభుత్వ సహాయ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

పెద్ద దవాఖాన, ఖర్చు

పెద్ద జబ్బుకు ఈ ప్రాంతం నుంచి మొదట గుర్తొచ్చేది 2003లో ముషీరాబాద్‌కు మారిన గాంధీ ఆసుపత్రి. పిల్లలకు నీలోఫర్, ఊపిరితిత్తులకు ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి. దగ్గర్లోని అల్వాల్‌లో టిమ్స్ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన చేశారు. సూరారం, ఘన్‌పూర్‌లలోని వైద్య కళాశాలల ఆసుపత్రులను మధ్యతరగతి మరిచిపోతుంది; కార్పొరేట్ ఆసుపత్రి కన్నా ఎంతో తక్కువ ఖర్చుతో అక్కడ ప్రొఫెసర్ స్థాయి డాక్టర్లు చూస్తారు.

ఆహార భద్రత కార్డు ఉన్న కుటుంబానికి ఆరోగ్యశ్రీ ఉంది. 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి రాష్ట్రంలోని మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఈ పథకం పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరు 9న ఏడాదికి 10 లక్షలకు పెంచారు. ఓపీ ఫీజుకు, మామూలు జ్వరానికి ఇది వర్తించదు. జాబితాలో ఉన్న ఆపరేషన్లు, చికిత్సలకే. నమోదైన ప్రతి ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర బల్ల ఉంటుంది, అడ్వాన్సు కట్టకముందే అక్కడికి వెళ్లాలి. ఈ పథకం కింద చేర్చుకున్న రోగిని మందులకనో, ఇంప్లాంటుకనో విడిగా డబ్బు అడిగితే రసీదు అడగండి, 104కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.